ఒకటే పేపరా, రెండూనా, ఆర్డర్ కాపీయా?

మా నాన్న ముప్పై ఏళ్లుగా ఒకటే పేపరు వేయించుకుంటున్నారు. వీధి చివర ఉండే బాబాయి ఎదుటి పక్షం పేపరు తెప్పిస్తారు. 2024 జనవరి 17 పొద్దున ఇద్దరూ మా అరుగు మీద గొంతులు పెంచేశారు. ముందు రోజు స్కిల్ డెవలప్‌మెంట్ కేసులో చంద్రబాబు నాయుడు పిటిషన్ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ‘ఊరట దొరికింది కదా’ అంటారు నాన్న. ‘కేసు కొట్టేయలేదు, ఇంకేం ఊరట?’ అంటారు బాబాయి. ఎవరి చేతిలో వాళ్ల పేపరు.

తీర్పులో జరిగింది ఇది. 2023 సెప్టెంబరు 9న నంద్యాలలో అరెస్టయిన చంద్రబాబు, ముందస్తు అనుమతి లేకుండా తనపై దర్యాప్తు చెల్లదని వాదించారు. అవినీతి నిరోధక చట్టంలో 2018లో చేర్చిన 17ఏ సెక్షనే ఆ వాదనకు ఆధారం. అనుమతి తీసుకోవాల్సిందే అన్నారు జస్టిస్ అనిరుద్ధ బోస్. 2018కి ముందు జరిగినవాటికి ఆ సెక్షన్ వర్తించదన్నారు జస్టిస్ బేలా త్రివేది. అయితే రిమాండ్ ఆర్డర్‌ను బోస్ కూడా కొట్టేయలేదు. ఇద్దరి మాటా కలవకపోవడంతో విషయం చీఫ్ జస్టిస్ ముందుకు వెళ్లింది.

ఇలాంటి తీర్పును ఒక పక్షాన నిలబడి రాయడానికి ఒక్క అబద్ధం కూడా అక్కర్లేదు. ఒక జడ్జి మాటను బ్యానర్ చేసి, రెండో జడ్జి మాటను లోపలి పేజీలో సింగిల్ కాలమ్‌లో వేస్తే చాలు.

ఒకటే పేపరు చదివేవాళ్లకు ఇదే అసలు నష్టం. ఆ పేపరు తప్పు రాయకపోయినా, ఏది పెద్దదో ఏది చిన్నదో మన బదులు అదే తేల్చేస్తుంది. మన దగ్గర పేపర్ల మొగ్గు దాచినా దాగేది కాదు. 2008లో మొదలైన సాక్షి జగన్ కుటుంబానిది. 1974లో విశాఖలో రామోజీరావు మొదలుపెట్టిన ఈనాడును, ఆంధ్రజ్యోతిని వైసీపీ వాళ్లు ‘ఎల్లో మీడియా’ అంటారు. 2011లో వచ్చిన నమస్తే తెలంగాణ ఏ పార్టీకి దగ్గరో హైదరాబాద్‌లో ఎవరినడిగినా చెబుతారు. ఇదంతా తెలిసీ మనం మోసపోతున్నది క్రియాపదాల దగ్గర.

ఒకే నాయకుడు, ఒకే ప్రెస్‌మీట్, ఒకే మాట అనుకోండి. ఒక పేపర్లో ఆయన ‘స్పష్టం చేశారు’. ఇంకో పేపర్లో ‘బుకాయించారు’. మనవాడైతే ‘నిలదీశారు’, కానివాడైతే ‘అక్కసు వెళ్లగక్కారు’. ఇక ‘అని సమాచారం’, ‘అని తెలుస్తోంది’ అనే రెండు మాటలున్నాయి. వీటితో ముగిసే వాక్యానికి చెప్పినవాడి పేరుండదు, రేపు అది తప్పని తేలినా అడగడానికి మనిషి దొరకడు. నేను ఈ మాటల కింద పెన్సిల్‌తో గీత గీసుకుంటూ చదువుతాను. కొన్ని రోజులు మొదటి పేజీలో గీతలే ఎక్కువ ఉంటాయి.

మరి రెండు పేపర్లూ చదివితే? కచ్చితంగా మేలు. కానీ చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. అది ఇంత, ఇది ఇంత, నిజం మధ్యలో ఉంటుందిలే అని సర్దుకుంటారు. రెండిట్లో ఒకటి పూర్తిగా తప్పు రాసి ఉండొచ్చు, అప్పుడు మధ్యలో ఉండేది సగం తప్పు. నేను చూసేది వేరు. తేదీ, సెక్షన్, ఎకరాలు, కోట్లు రెండిట్లోనూ ఒకటేనా? ఒకటే అయితే వాటిని నమ్ముతాను. ఒక పేపరు తన పక్షానికి ఇబ్బందయిన విషయాన్ని తానే అచ్చు వేసిందంటే దాన్ని ఇంకా గట్టిగా నమ్ముతాను.

టీవీ చర్చల గురించి ఎక్కువ చెప్పను. 2021 ఫిబ్రవరిలో ఒక తెలుగు ఛానల్లో, అమరావతి మీద జరుగుతున్న చర్చలో, ఒక అతిథి ఇంకో అతిథిని లైవ్‌లోనే చెప్పుతో కొట్టాడు. రాజధాని కోసం భూమిచ్చిన రైతుకు ఆ గంటలో ఏం తెలిసింది? వీటికంటే పాత పేపరు నయం.

అన్నిటికన్నా మేలైనది అసలు పత్రం: ఆర్డర్ కాపీ, జీవో, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ అసెంబ్లీలో పెట్టించే రిపోర్టు. కష్టం కూడా దీనికే ఎక్కువ. ఇంగ్లిష్‌లో ఉంటుంది, వంద పేజీలుంటుంది, ఒక్కోసారి దొరకనే దొరకదు. 2021 ఆగస్టులో అప్పటి ఏపీ ప్రభుత్వం జీవోలను ఎప్పటిలా ఆన్‌లైన్‌లో పెట్టడం ఆపేసింది. అలాంటప్పుడు పేపరు చెప్పిందే గతి, అందుకే ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. కాబట్టి రోజూ పత్రాలు చదవమని ఎవరికీ చెప్పను. రోజువారీకి రెండు పేపర్ల మొదటి పేజీలు చాలు. గొడవపడేంత పెద్ద విషయమైతే మాత్రం ఆర్డర్ చివరి పేజీ తీయాలి, కోర్టు ఏం తేల్చిందో ఉండేది అక్కడే.

ఆ రోజు నేను అదే చేశాను. ఫోన్లో తీర్పు తెరిచి, ఇద్దరు జడ్జీలూ చివర్లో రాసింది తెలుగులో చదివి వినిపించాను. చీఫ్ జస్టిస్‌కు పంపుతున్నామన్న మాట దగ్గర నాన్న కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

‘అయితే ఇది ఇంకా తేలలేదా?’ అన్నారు బాబాయి.

‘లేదు బాబాయ్’ అన్నాను.