లేని అక్షరానికి లక్షలు: అచ్చుతప్పు బేస్‌బాల్ కార్డుల్లో ఏది మేలు?

మంచి కవిత్వాన్ని అక్షరలక్షలు చేస్తుందని మెచ్చుకుంటాం. ఆటగాళ్ళ బొమ్మా పేరూ అచ్చువేసిన పాత బేస్‌బాల్ కార్డులు పోగుచేసేవాళ్ళు అక్షరం లేనందుకు లక్షలు ఇస్తారు. 1958లో అమెరికాలో టాప్స్ కంపెనీ వేసిన సెట్‌లో 433వ నంబరు కార్డు ఫిలడెల్ఫియా ఫిలీస్ ఆటగాడు పాంచో హెర్రెరాది. కొద్ది కార్డుల్లో ఆయన ఇంటిపేరు చివరి ఇంగ్లిష్ అక్షరం ‘ఎ’ పడలేదు. ‘హెర్రెర్’ దగ్గరే ఆగిపోయింది. అక్షరాలన్నీ ఉన్న కార్డు కొద్ది డాలర్లకే వస్తుంది. ‘ఎ’ లేనిదానికి వేల డాలర్లు పెట్టాలి, అంటే రూపాయల్లో లక్షలు.

దాని పక్కన 1957 టాప్స్ సెట్‌లోని 20వ నంబరు కార్డు, హ్యాంక్ ఆరన్‌ది, పెట్టి చూడండి. ఆరన్ 755 హోమ్ రన్లు కొట్టినవాడు, కుడిచేతి బ్యాటర్. కార్డులో మాత్రం ఎడమచేతి వాటంగా నిలబడి ఉంటాడు. నెగెటివ్‌ను తిరగేసి అచ్చువేశారు. జెర్సీ మీద 44 కూడా అద్దంలో చూసినట్టు తిరగబడింది. ఆటగాడు పెద్దవాడు, తప్పు అంతకన్నా పెద్దది. అయినా ఆ తప్పుకని అదనంగా ఒక్క డాలరు కూడా ఎవరూ ఇవ్వరు. మధ్యస్థంగా ఉన్న కార్డుకు కొన్ని వందల డాలర్లు పలుకుతుంది, అది ఆరన్ పేరుకు వచ్చే ధర.

ఎందుకంటే టాప్స్ ఆ తప్పును దిద్దలేదు. 1957 ఆరన్ కార్డులన్నీ తిరగబడినవే. పక్కన పెట్టి పోల్చడానికి సరైన కార్డంటూ లేనప్పుడు తప్పు కార్డు అరుదెలా అవుతుంది? అందుకే ఎవరైనా ‘ఎర్రర్ కార్డు’ అని చూపిస్తే నేను అడిగే మొదటి ప్రశ్న: దీన్ని దిద్దారా? రెండోది: దిద్దేలోపు ఎన్ని బయటికి పోయాయి?

ఈ రెండు ప్రశ్నలు నాకు డబ్బు పోయాక వచ్చాయి. న్యూజెర్సీలో ఒక కార్డ్ షోలో 1979 టాప్స్ బంప్ విల్స్ కార్డు కొన్నాను. ఆయన టెక్సస్ రేంజర్స్ ఆటగాడు, కార్డు మీద టొరాంటో బ్లూ జేస్ అని ఉంటుంది. తర్వాత రేంజర్స్ అని దిద్దారు. దిద్దిన తప్పే కదా అని ఇరవై డాలర్లు పెట్టాను. ఇంటికొచ్చి చూసుకుంటే రెండు రకాలూ కుప్పలుగా దొరుకుతున్నాయి, ఒకటో రెండో డాలర్లకు. నా మొదటి ప్రశ్నకు జవాబు ‘అవును’. రెండో ప్రశ్న నేను అడగనే లేదు.

ఆ రెండో ప్రశ్నకు అందమైన జవాబు కావాలంటే వందేళ్ళు దాటి వెనక్కి వెళ్ళాలి. 1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో పెట్టి పంచిన కార్డులను ఇప్పుడు టీ206 అంటారు. ఫిలడెల్ఫియా ఆటగాడు షెర్రీ మ్యాగీ ఇంటిపేరులో ‘ఇఇ’ పడాల్సిన చోట ‘ఐఇ’ పడింది. పలికితే పెద్ద తేడా ఉండదు, అచ్చులో మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. తొందరగానే దిద్దేశారు. తప్పు స్పెల్లింగున్న కార్డులు వెనకవైపు పీడ్‌మాంట్ సిగరెట్ ప్రకటన ఉన్నవే కనిపిస్తాయి. మడతలు పడి, మూలలు అరిగి, మరకలు పడ్డ కార్డుకు కూడా వేల డాలర్లు వస్తాయి. సరైన స్పెల్లింగున్న మ్యాగీ కార్డుకు అందులో చిన్న ముక్క.

అదే సెట్‌లో జో డాయిల్ కథ ఇంకా చిత్రం. ఆయన ఆడింది అమెరికన్ లీగ్‌లోని న్యూయార్క్ జట్టుకు. నేషనల్ లీగ్ న్యూయార్క్ జట్టులో లారీ డాయిల్ అని ఇంకొకాయన ఉన్నాడు. అచ్చువేసినవాళ్ళు తికమకపడి జో పేరు కింద నేషనల్ లీగ్ అని వేశారు, తర్వాత ఆ మాట తీసేశారు. తప్పు మాట ఉన్నవి ఈ రోజు పది, పన్నెండుకు మించి లేవు. అదే సెట్‌లోని హోనస్ వాగ్నర్ కార్డు అంతకంటే ఎక్కువే ఉంది, యాభై పైన. కానీ 2022లో ఒక వాగ్నర్ 72.5 లక్షల డాలర్లకు అమ్ముడైంది. డాయిల్ ఆ దరిదాపుల్లోకి రాడు. వాగ్నర్ కార్డులో ఏ తప్పూ లేదు, అచ్చువేయడం మధ్యలోనే ఆపేశారంతే. ఆ పేరు కార్డులు పోగుచేయని అమెరికన్లకు కూడా తెలుసు. డాయిల్‌ను కోరుకునేవాళ్ళు టీ206 సెట్ పూర్తి చేయాలనుకునేవాళ్ళే. అరుదు ఒక్కటే సరిపోదు, కావాలనుకునే మనిషి ఉండాలి. ఆ మనిషిని తయారుచేసేది క్యాటలాగు. తప్పు జాబితాకెక్కి, కార్డు స్థితిని పరీక్షించి గ్రేడు వేసే గ్రేడింగ్ కంపెనీ లేబుల్ మీద దాని పేరు రాస్తే, సెట్ పూర్తి చేసేవాళ్ళందరికీ అది కావలసిన వస్తువవుతుంది. జాబితాకెక్కని తప్పు మీకూ అమ్మేవాడికీ మధ్య ముచ్చట.

తప్పుకే ఎప్పుడూ ఎక్కువ ధర అనుకోకండి. ఫ్లీర్ కంపెనీ 1989 సెట్‌లో ఆటగాడు బిల్లీ రిప్కెన్ పట్టుకున్న బ్యాట్ పిడి అడుగున ఒక బూతు మాట రాసి ఉంది, అలాగే అచ్చయి బయటికొచ్చింది. పెద్ద గోల అయ్యాక ఫ్లీర్ దాన్ని నల్లటి పెట్టెతో, పిచ్చిగీతలతో, తెల్లరంగుతో, రకరకాలుగా కప్పింది. బూతు కార్డు మామూలు స్థితిలో ఇప్పుడు ఒక పూట భోజనం ఖర్చుకు వస్తుంది. తెల్లరంగుతో కప్పింది దొరకడమే కష్టం, ధర దానికే ఎక్కువ. తప్పైనా సవరణైనా, తక్కువ కాలం అచ్చయినదే గెలుస్తుంది.

దిద్దని తప్పు, దిద్దిన తప్పు అయ్యాయి. ఇక మూడో రకం: సిరా చాలక రంగు పడనివి, వెనక ఖాళీగా ఉన్నవి, కత్తెర పక్కకు జరిగి రెండు సగాలు ఒకే కార్డులోకి వచ్చినవి. తపాలా బిళ్ళలు పోగుచేసేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. 1854 నాటి మన నాలుగణాల బిళ్ళలో విక్టోరియా రాణి తల తలకిందులుగా పడినది ఎంత గొప్పదో తెలిసినవాళ్ళకు, అలాంటి లోపం ఏదైనా నిధిలాగే కనిపిస్తుంది. కానీ తపాలా బిళ్ళ సర్కారు సొమ్ము, ప్రతి షీటూ చూసి పంపుతారు. ఈ కార్డులు పిల్లల బబుల్‌గమ్‌తో వెళ్ళే సరుకు. అంత శ్రద్ధ ఎవరికుంది? లోపాలు బోలెడు బయటపడ్డాయి. గ్రేడింగ్ కంపెనీ పీఎస్‌ఏ చాలాసార్లు వీటిని లోపంగానే చూసి, గ్రేడు పక్కన పక్కకు జరిగిందనో తప్పుగా కోశారనో గుర్తు వేస్తుంది. గుర్తు పడితే ధర తగ్గుతుంది.

అయినా ఈ రకంలోంచే కొన్ని పైకి లేచాయి. నిజానికి హెర్రెరా కూడా ఈ కొమ్మే: స్పెల్లింగు తప్పు కాదది, అచ్చులో అక్షరం పడలేదు. 1990 టాప్స్ ఫ్రాంక్ థామస్ కార్డు ఇంకో ఉదాహరణ, అది పాతకాలపుదేమీ కాకపోయినా. షీటులో కొంత భాగానికి నల్లసిరా అందలేదు, థామస్ పేరు మొత్తం ఎగిరిపోయింది. అదే షీటులో చుట్టుపక్కల కార్డుల్లోనూ నల్లగీతలు కొంత మాయమయ్యాయి. సిరా లోపం ఒకటే. పేరు లేని థామస్‌కు వేల డాలర్లు, పక్కవాళ్ళ పేర్లు అడిగేవాళ్ళు తక్కువ.

ఈ మూడో రకంలోనే మోసమూ ఎక్కువ. పేరును గీకేస్తారు, మందు పెట్టి చెరుపుతారు, ఎండలో పెట్టి రంగు వెలిసేలా చేస్తారు. కోయని షీటు ఒకటి సంపాదించి వంకరగా కోస్తే ఇంట్లోనే మిస్‌కట్ తయారు. భూతద్దం పెట్టి చూడండి. అచ్చుచుక్కలు సహజంగా ఆగాయా, మధ్యలో చెదిరాయా? కార్డును ఏటవాలుగా పట్టుకుంటే ఆ చోట మెరుపు తగ్గిందా? ఖరీదైనదైతే గ్రేడింగ్ అయ్యాకే కొనడం మంచిది.

చేతిలో మూడు వందల డాలర్లుంటే ఏది కొంటావని అడిగితే, నేను ఆరన్ కార్డే కొంటాను. తప్పుకు డబ్బు ఇవ్వడం లేదు కాబట్టి ఆ విషయంలో మోసపోయేదేమీ లేదు, మూలలు బాగున్నాయో లేదో, బొమ్మ కార్డు మధ్యలో పడిందో లేదో చూసుకుంటే చాలు. మూడు వేలుంటే మాట వేరు, తర్వాత దిద్దేసిన తప్పున్న కార్డు, అరిగిపోయినదైనా సరే, కొంటాను. మిస్‌కట్‌లు పైసల్లో దొరికితేనే. సరదాకైతే 1969 టాప్స్ ఔరేలియో రోడ్రిగెజ్ ఉంది: ఫొటోలో ఉన్నది ఆయన కాదు, జట్టుకు బ్యాట్లు అందించే కుర్రాడు, బ్యాట్‌బాయ్. అది ఎప్పుడూ దిద్దలేదు కాబట్టి చవక. ఇంటికొచ్చినవాళ్ళకు చూపించడానికి అంతకంటే మంచి కార్డు నా దగ్గర లేదు.

పాత కార్డుల డబ్బా ఎక్కడ కనిపించినా 1958 సెట్‌లో 433 కోసం వెతుకుతాను. ఇప్పటికి మూడు దొరికాయి. మూడింటిలోనూ ‘ఎ’ శుభ్రంగా పడింది.