ట్రైనింగా, కోటానా, పద్ధతి మార్చడమా: ఆడవాళ్లు పై పోస్టుల్లోకి రావాలంటే ఏది మేలు?

ప్రమోషన్ల కాలం దగ్గర పడిందంటే చాలు, జడ్చర్ల, చిట్యాల వైపు కంపెనీల్లో హెచ్ఆర్ చూసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకటే ప్రశ్న పంపుతారు. "అక్కా, మేనేజర్లలో ఆడవాళ్లు ఎందుకు లేరని పైనుంచి అడుగుతున్నారు. ట్రైనింగ్ పెట్టాలా, కొన్ని పోస్టులు వాళ్లకే పక్కన పెట్టాలా, ప్రమోషన్ ఇచ్చే పద్ధతే మార్చాలా?" ఒక్కొక్కరికి విడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ట్రైనింగ్ అంటే అందరికీ ఇష్టమే, ఎందుకంటే దాంతో ఎవరి కుర్చీ కదలదు. హైదరాబాద్ నుంచి ఒకాయన వస్తాడు, స్లైడ్లు చూపిస్తాడు, మధ్యాహ్నం బిర్యానీ, చివర్లో గ్రూప్ ఫొటో. మనకు తెలియకుండానే మనలో పక్షపాతం ఉంటుందని ఆయన చెప్పేది నిజమే, వినాల్సిందే. కానీ విన్న మనిషి ప్రమోషన్ మీటింగ్‌లో ఏం చేస్తాడన్నది అసలు లెక్క. ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కాలెవ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 800కు పైగా అమెరికా కంపెనీల లెక్కలు తీసి 2016లో ఒక వ్యాసం రాశారు. మేనేజర్లకు ఇలాంటి శిక్షణ తప్పనిసరి చేసిన ఐదేళ్లకు కూడా మేనేజర్ పోస్టుల్లో తెల్లజాతి మహిళల వాటా పెరగలేదు, నల్లజాతి మహిళల వాటా అయితే తగ్గింది. బలవంతంగా కూర్చోబెడితే మనుషులు మొండికేస్తారు, అంతే.

కోటాను తీసిపారేసే వాళ్లతో నాకు పడదు. "సర్పంచ్ ఆమె, సంతకం ఆయనది" అని నవ్వడం తేలికే, అలాంటి ఊళ్లు మన దగ్గర ఉన్నాయి కూడా. కానీ పశ్చిమ బెంగాల్ పంచాయతీల మీద ఎస్తేర్ డుఫ్లో, రోహిణి పాండే అనే ఆర్థికవేత్తలు, వాళ్ల తోటివాళ్లు 2009లో అచ్చు వేసిన అధ్యయనం చూడండి. ఒకే ప్రసంగాన్ని కొందరికి మగ గొంతులో, కొందరికి ఆడ గొంతులో వినిపించారు. పంచాయతీ పెద్ద పదవికి ఆడవాళ్ల రిజర్వేషన్ ఎప్పుడూ పడని ఊళ్లలో మగవాళ్లు ఆడ గొంతుకు తక్కువ మార్కులు వేశారు. ఆడమనిషి పాలన చూసిన ఊళ్లలో ఆ తేడా పోయింది. ఆడ నాయకులంటే ఇష్టం మాత్రం పెరగలేదట! ఇష్టం లేకపోయినా, చేయగలదన్న నమ్మకం వచ్చింది. నాకు అది చాలు.

కంపెనీలో చిక్కు వేరు. 2013 కంపెనీల చట్టం షేర్ మార్కెట్‌లో ఉన్న (లిస్టెడ్) కంపెనీల బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలంది, చాలా చోట్ల ఆ ఒక్క కుర్చీతోనే సరిపెట్టేశారు, అదీ కొన్నిసార్లు ఇంటి మనిషికే. కింద షిఫ్ట్ ఇన్‌చార్జ్ దగ్గర ఏం జరుగుతుందో బోర్డు చూడదు. నా దృష్టిలో తేలేది అక్కడే.

ఇటువైపు ఒక మందుల కంపెనీ మీటింగ్‌లో నా చెవులారా విన్నది చెప్తా. ప్రొడక్షన్ షిఫ్ట్ ఇన్‌చార్జ్ పోస్టుకు ఇద్దరు పోటీ, ఇద్దరికీ ఆ ఏడే పెళ్లయింది. అబ్బాయి గురించి: "పెండ్లయింది, బాధ్యత తెలిసొచ్చింది, ఇద్దాం." అమ్మాయి గురించి: "మొన్ననే పెండ్లయింది గదా సార్, నైట్ షిఫ్ట్ అంటే కష్టం, పాపం ఎందుకు ఇబ్బంది పెట్టుడు." ఆమెను అడిగినవాళ్లు లేరు. అందరూ మంచివాళ్లే, ఆమె మీద జాలితోనే మాట్లాడారు. ఆ జాలితోనే ఆమె మళ్లీ మందుల నాణ్యత చూసే క్యూసీ ల్యాబ్‌లో ఉండిపోయింది, రేపు మేనేజర్ పోస్టు వచ్చినప్పుడు "షిఫ్ట్ నడిపిన అనుభవం లేదు" అని అదే నోళ్లు అంటాయి.

అందుకే నా ఓటు పద్ధతికి. ఏ పనికి ఎన్ని మార్కులో పేర్లు రాకముందే కాగితం మీద పెట్టాలి. ఎవరూ నోరు తెరవకముందే ప్రతి ఒక్కరూ మార్కులు రాసేయాలి, పెద్ద సారు చివరికి మాట్లాడాలి, లేకపోతే మిగతావాళ్లంతా ఆయన అంకె చుట్టూ తిరుగుతారు. ఒక్కొక్కరినీ విడిగా కాకుండా పక్కపక్కన పెట్టి పోల్చాలి. అలా చూసినప్పుడు మనుషులు ఆడా మగా అన్నది వదిలి పని చూస్తారని హార్వర్డ్‌లో ఐరిస్ బోనెట్ బృందం ప్రయోగం చేసి చూపించింది. ఆ మార్కుల కాగితంలో నేను చేర్పించే గడి ఇంకొకటి ఉంది: "అడిగారా? ఎవరు, ఏ తేదీన?"

నల్గొండ పల్లెల్లో మహిళా సంఘాలు నడిపే ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రానికి వెళ్లి చూడండి. తేమ మిషన్ పట్టుకున్న సంఘం ఆమె, ట్రాక్టర్ నిండా వడ్లు తెచ్చిన పెద్ద రైతుతో "పందొమ్మిది చూపిస్తుంది, ఇంకా ఆరబోయాలె అన్నా" అంటుంది. ఆయన గొణుగుతాడు, ఆరబోస్తాడు. తేమ పదిహేడు శాతం దాటితే కొనరన్నది అందరికీ ఒకటే రూలు, ఆ రూలు చేతిలో ఉంది కాబట్టి ఆమె మాట చెల్లింది. ఆయనకు ట్రైనింగ్ ఎవరూ ఇవ్వలేదు.

సీనియర్‌ను మెంటార్‌గా జత చేయడం మంచిదే, ఖర్చు లేదు, చేసుకోండి. ఎనిమిదో మార్చి సన్మానాల గురించి నన్ను అడగొద్దు.

పద్ధతితో పాటు కోటా కూడా పెట్టగలిగితే ఇంకా నయం, ముఖ్యంగా ఆడవాళ్లు ఒక్కరూ లేని డిపార్ట్‌మెంట్లలో. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. రాత్రి పది దాటాక ఇంటి దాకా బండి ఏర్పాటు లేకపోతే ఆ గడిలో "అడిగాం, వద్దంది" అనే వస్తుంది, దాన్ని పట్టుకొని "చూశారా, వాళ్లే వద్దన్నారు" అనకండి. ఎందుకు వద్దందో రాయడానికి పక్కనే ఇంకో గడి పెట్టండి.