కిచెన్ ఐలాండ్ మీద బడ్జెట్ చిమ్నీ: కొనేముందు పైపు దారి చూసుకోండి

కిచెన్ ఐలాండ్ అంటే వంటగది మధ్యలో విడిగా ఉండే గట్టు. దాని మీది స్టవ్‌కి పైనుంచి వేలాడదీసేది ఐలాండ్ చిమ్నీ. 20 వేల నుంచి 35 వేల మధ్య దొరికే 90 సెంటీమీటర్ల ఐలాండ్ చిమ్నీ కొనొచ్చా అంటే కొనొచ్చు. షరతు ఒక్కటే. స్టవ్ పైనుంచి బయటి గాలి దాకా ఆరంగుళాల పైపు నాలుగు మీటర్లు దాటకుండా, రెండు మలుపుల్లో వెళ్ళగలగాలి. ఆ దారి ఉన్న ఇంట్లో ఈ ధర మెషీన్లు మన పోపులకీ, వేపుళ్ళకీ బాగానే సరిపోతాయి. దారి లేని ఇంట్లో రెట్టింపు ఖర్చు పెట్టి కొన్నా హాల్లో సోఫాకి చేపల వాసన పడుతుంది.

గోడకి బిగించే చిమ్నీతో పోలిస్తే ఐలాండ్ చిమ్నీ పని కష్టం. గోడ పక్కన స్టవ్ ఉంటే పొగ ఆ గోడని పట్టుకుని నేరుగా పైకి పోతుంది. ఐలాండ్‌కి నాలుగు వైపులా ఖాళీ. హాల్లో ఫ్యాను తిరిగినా, బాల్కనీ తలుపు తెరిచినా, ఏసీ గాలి అటు కొట్టినా పొగ పక్కకి వాలుతుంది. అందుకే చిమ్నీ స్టవ్ కంటే వెడల్పుగా, రెండు పక్కలా కనీసం మూడంగుళాలు బయటికి ఉండాలి. మూడు బర్నర్ల హాబ్, అంటే గట్టులోకి దించి బిగించే స్టవ్, 75 సెంటీమీటర్లుంటే 90 సెంటీమీటర్ల చిమ్నీ సరైన జోడీ. నాలుగైదు బర్నర్ల 90 హాబ్ మీద 90 చిమ్నీయే పెడితే చివరి బర్నర్ల పొగ కొంత తప్పించుకుంటుంది. అప్పుడు పెద్ద మూకుడు, బిర్యానీ గిన్నె మధ్య బర్నర్ మీదే పెట్టుకోవాలి.

షోరూమ్‌లో మొదట వినిపించేది సక్షన్, అంటే గాలి లాగే శక్తి అంకె: గంటకి 1200 ఘనమీటర్లు, 1400, 1500. లెక్క వేసి చూడండి. 12 అడుగులు, 10 అడుగులు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున్న వంటగది సుమారు 32 ఘనమీటర్లు. గంటకి పన్నెండుసార్లు గాలి మార్చాలన్నా 390 చాలు. మరి 1200 ఎందుకంటే, డబ్బా మీద రాసేది సాధారణంగా మెషీన్ లాగగలిగే గరిష్ఠం. పైపు తగిలించాక, మలుపులు పడ్డాక, ఫిల్టర్‌కి జిడ్డు పట్టాక అంత రాదు. పైగా ఓపెన్ కిచెన్‌లో వంటగది ఎక్కడ ముగిసి హాలు ఎక్కడ మొదలవుతుందో గాలికి తెలియదు. కాబట్టి ఐలాండ్‌కి 1200 దగ్గర ఉన్నది తీసుకోండి. అక్కడి నుంచి 1500కి ఎగబాకడానికి పెట్టే డబ్బు మంచి పైపుకి పెడితే ఎక్కువ ఫలితం కనిపిస్తుంది.

పైపు సంగతే అసలు సంగతి. మెషీన్ మీద ఆరంగుళాల నోరు ఉంటే గోడ దాకా ఆరంగుళాలే వెళ్ళాలి. బిల్డర్ గోడలో నాలుగంగుళాల రంధ్రం వదిలేశాడని పైపు సైజు తగ్గించే రెడ్యూసర్ పెట్టి బిగించేవాళ్ళున్నారు. ఆరు నుంచి నాలుగుకి దిగితే దారి సగానికంటే తగ్గిపోతుంది, ఆరార్ల 36కి నాలుగు నాలుగుల 16 అన్నమాట. మోటారు అరుస్తుంది, పొగ కదలదు, ఆరు నెలల్లో కస్టమర్ కేర్‌కి ఫోన్లు మొదలవుతాయి. మెషీన్‌లో లోపం ఏమీ ఉండదు.

ఐలాండ్ నుంచి పైపు ఫాల్స్ సీలింగ్ లోపల అడ్డంగా పోవాలి. ఆరంగుళాల పైపు, పట్టీలు, వాలు కలిపితే స్లాబ్‌కీ జిప్సమ్‌కీ మధ్య కనీసం ఎనిమిదంగుళాలు కావాలి. మధ్యలో బీమ్ అడ్డం వస్తే దాని కింది నుంచి తిప్పండి, సీలింగ్‌ని ఆ మేరకు దించండి. బీమ్‌కి చిల్లు మాత్రం పెట్టనివ్వకండి. ఇటుక గోడకి కోర్ కటింగ్, అంటే మెషీన్‌తో గుండ్రటి రంధ్రం కొయ్యడం, అరగంట పని. కానీ హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు కొత్త టవర్లలో చాలావాటికి మైవాన్ షట్టరింగ్ (అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసే పద్ధతి) వాడారు, గోడలన్నీ కాంక్రీటే, లోపల ఇనుము ఉంటుంది. అక్కడ బిల్డర్ దగ్గరా అసోసియేషన్ దగ్గరా రాతపూర్వకంగా అనుమతి తీసుకోకుండా మెషీన్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి. బయటి గోడకి కొత్త రంధ్రం ఒప్పుకోని కమ్యూనిటీల్లో యుటిలిటీ బాల్కనీ ఒక్కటే దారి. అప్పుడు కూడా పైపు మూతి గ్రిల్ దాటి బయటికి ఉండాలి. యుటిలిటీలోనే వదిలేస్తే వాషింగ్ మెషీన్ మీద, ఆరేసిన బట్టల మీద జిడ్డు దిగుతుంది, వాసన తలుపు సందులోంచి మళ్ళీ ఇంట్లోకే వస్తుంది. బాత్రూమ్ కిటికీలు తెరుచుకునే షాఫ్ట్‌లోకి వదిలితే పైవాళ్ళతో తగువు ఖాయం.

కంపెనీ మనిషి తెచ్చేది ముడతల అల్యూమినియం పైపు. అది పూర్తిగా సాగదీసి కడితే ఫర్వాలేదు. సాగదీయకుండా, మిగిలిన పొడవు లోపలే కుక్కేస్తే ప్రతి ముడతలో నూనె నిలుస్తుంది. మధ్యలో జారి బొజ్జ పడితే అక్కడ నూనె గుంట కట్టి, కొన్నాళ్ళకి జిప్సమ్ మీద పసుపు మరక కనిపిస్తుంది. ఫాల్స్ సీలింగ్ మూసేశాక దాన్ని మార్చడం అంటే సీలింగ్ కొయ్యడమే. అందుకే సీలింగ్ లోపలి భాగానికి గట్టి జీఐ (జింకు పూత ఇనుము) లేదా అల్యూమినియం గొట్టం వేయించి, చిమ్నీకి తగిలే చివరి అడుగు మాత్రమే ముడతల పైపు పెట్టించండి. ఏసీ డక్టులు చేసేవాళ్ళు ఈ పని చక్కగా చేస్తారు. ప్రతి మూడు నాలుగు అడుగులకీ ఒక పట్టీ, అతుకులకి మామూలు ప్లాస్టర్ కాకుండా అల్యూమినియం టేపు, మీటరుకి ఒక సెంటీమీటర్ చొప్పున బయటివైపు వాలు ఉండాలి. వాలు లోపలికి ఉంటే వానాకాలం నీళ్ళు హాబ్ మీద పడతాయి. మూతికి వాన లోపలికి రాకుండా కౌల్ కవర్ పెట్టండి. పావురాల భయంతో దోమల జాలీ కడుతుంటారు, అది కొద్ది నెలల్లో జిడ్డుతో మూసుకుపోతుంది. అరంగుళం కన్నాలున్న జాలీ చాలు, అందులోంచి పావురం దూరదు.

మెషీన్ నోటి దగ్గర రెండు రేకుల మూత ఉంటుంది, గాలి వెనక్కి రాకుండా. పైపుని స్క్రూలతో బిగించేటప్పుడు స్క్రూ మొన ఆ రేకుకి తగిలి ఇరుక్కుపోవడం చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. ‘సౌండ్ ఉంది, సక్షన్ లేదు’ అన్న ఫిర్యాదుకి ముందు చూడాల్సింది దీన్నే. బిగించే రోజే వేలితో రేకులు రెండూ తెరిచి మూసి చూడమనండి.

ఎత్తు లెక్క కాగితం మీద వేసుకుని షాపుకి వెళ్ళండి. గట్టు 34 అంగుళాలు, అంటే 86 సెంటీమీటర్లు. హాబ్ గిన్నె స్టాండ్లకి మరో ఐదు. గ్యాస్ స్టవ్ అయితే ఆ పైన 65 నుంచి 75 సెంటీమీటర్ల ఖాళీ అడుగుతారు, మీ మోడల్ మాన్యువల్లో ఉన్నదే ఖాయం చేసుకోండి. ఐలాండ్‌కి 75 మేలు, ఎందుకంటే రెండు వైపుల నుంచీ మనుషులు వంగుతారు, 65లో పెడితే అంచు పొడుగువాళ్ళ నుదుటికి తగులుతుంది. మొత్తం 166 అయింది. స్లాబ్ తొమ్మిదిన్నర అడుగులుంటే 290, కాబట్టి చిమ్నీ కింది అంచు నుంచి స్లాబ్ దాకా 124 సెంటీమీటర్లు. స్లాబ్‌కి ఎనిమిదంగుళాల కింద ఫాల్స్ సీలింగ్ ఉంటే కనిపించే భాగం 104. ఇప్పుడు డబ్బా మీద కనిష్ఠ, గరిష్ఠ ఎత్తులు చూడండి. పైపుని కప్పే స్టీలు కవర్ అంత సాగకపోతే అదనపు కవర్ విడిగా కొనాలి, దాని ధర బిల్లు వేయకముందే అడగాలి. ఎత్తు చాలలేదని చిమ్నీని మరో అడుగు పైకి లేపితే పొగ దాన్ని చేరేలోపే చెదిరిపోతుంది.

బరువు 20 కిలోలకి అటూ ఇటూ ఉంటుంది. జిప్సమ్ బోర్డు ఆ బరువు మొయ్యదు, దాని ఫ్రేము కూడా మొయ్యదు. బ్రాకెట్ నేరుగా స్లాబ్‌కి, కనీసం నాలుగు స్టీలు యాంకర్ ఫాస్టనర్లతో పడాలి, ప్లాస్టిక్ ప్లగ్గులతో కాదు. స్లాబ్‌లో ఫ్యాన్ పాయింట్ల వైరు పైపులు ఎటు పోతున్నాయో ఎలక్ట్రీషియన్‌తో ముందే గుర్తు పెట్టించండి. పోస్ట్ టెన్షన్ స్లాబ్ (లోపల బిగించి లాగిన ఉక్కు తీగలుండేది) అయితే డ్రాయింగ్ చూడకుండా డ్రిల్లు ఆన్ చెయ్యొద్దు. ఎర్తింగ్ ఉన్న ప్లగ్ పాయింటు కూడా పైనే, స్టీలు కవర్ లోపల లేదా సీలింగ్‌లో కావాలి. దాని స్విచ్ చేతికి అందే గోడ మీద ఉండాలి. సీలింగ్‌లో చెయ్యి దూరేంత తలుపు ఒకటి వదిలిస్తే రిపేరు రోజున పని తేలిక. ఇవన్నీ ఇంటీరియర్ పని నడిచేటప్పుడే జరగాలి, పెయింటింగ్ అయ్యాక కాదు.

ఫిల్టర్ల విషయంలో ఐలాండ్‌కి నా ఓటు బాఫిల్‌కే, అంటే వంపు తిరిగిన స్టీలు రేకుల ఫిల్టర్‌కే. ఫిల్టర్‌లెస్, ఆటోక్లీన్ అని గట్టిగా అమ్ముతున్నారు. మోటారు దగ్గర హీటరు వేడెక్కి నూనె కరిగి కింది కప్పులోకి దిగుతుంది, పది పదిహేను నిమిషాలు పడుతుంది, స్టవ్ ఆపి ఉంచాలి. క్రమం తప్పకుండా నొక్కే ఇంట్లో అది పనికొస్తుంది. నెలల తరబడి వదిలేసి గట్టిపడ్డ జిడ్డుని ఆ హీటరు కరిగించలేదు. అప్పుడు బ్లోయర్ విప్పాలి, ఐలాండ్‌లో అంటే నిచ్చెన, ఇద్దరు మనుషులు, కింద గ్రానైట్ మీద దుప్పట్లు. బాఫిల్‌ని మీరే లాగి కడుక్కోవచ్చు: వేడి నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్, రెండు చెంచాల వంట సోడా, అరగంట నానబెట్టి బ్రష్. రోజూ వేపుళ్ళుండే ఇంట్లో పదిహేను రోజులకోసారి, మామూలు ఇంట్లో నెలకోసారి. పూర్తిగా ఆరాకే పెట్టండి. అల్యూమినియం జాలీ ఫిల్టర్లు మన వంటకి దండగ, త్వరగా మూసుకుపోతాయి. వాటిని కాస్టిక్ సోడాలో వేస్తే నల్లబడతాయి, సోడా రేకుని తినేస్తుంది కూడా. బాఫిల్ ఉండి ఆటోక్లీన్ కూడా ఉంటే మంచిదే, దానికోసం బడ్జెట్ పెంచాల్సిన పని లేదు.

పైపు లేకుండా కార్బన్ ఫిల్టర్‌తో నడిపే పద్ధతి చూసి ఆశపడకండి. గాలిని వడగట్టి మళ్ళీ గదిలోకే వదులుతుంది. వేడి, ఆవిరి ఎక్కడికీ పోవు. మామూలు కార్బన్ ఫిల్టర్‌ని కడగడానికి ఉండదు, మూడు నుంచి ఆరు నెలలకి కొత్తది కొనాలి, ఎండుమిర్చి పోపులుంటే ఇంకా ముందే. ఇండక్షన్ మీద పాలు, ఉప్మా చేసుకునే ఇంటికి సరే.

బటన్లా, టచ్‌ప్యానెలా, చెయ్యి ఊపితే పనిచేసే సెన్సరా? ఈ ధరలో బటన్లే. సెన్సర్ పోతే బోర్డు మొత్తం మారుస్తారు, మోటారు వారంటీలో అది రాదు. బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని) మోటారు కరెంటు తక్కువ తాగుతుంది, శబ్దం కొంచెం తగ్గుతుంది, వంటగది హాల్లో కలిసే ఉంది కాబట్టి ఆ తేడా టీవీ చూసేవాళ్ళకి తెలుస్తుంది. రెండు మూడు వేల తేడా అయితే తీసుకోండి.

కొనడం విషయానికొస్తే ఫేబర్, ఎలికా, గ్లెన్, కాఫ్‌లలో ఐలాండ్ మోడళ్ళు ఉంటాయి, గోడ మోడళ్ళంత ఎక్కువ రకాలు ఉండవు. క్రోమా, బజాజ్ ఎలక్ట్రానిక్స్ లాంటి పెద్ద షాపుల్లో షెల్ఫుల నిండా కనిపించేవి గోడవే, ఐలాండ్‌ది ఆర్డర్ మీద రావచ్చు. పైపు, పట్టీలు, కౌల్ ట్రూప్ బజార్, రాణీగంజ్ వైపు విడిగా కొనుక్కోవచ్చు. షాపులో ఆన్ చేసి చూపించేటప్పుడు వెనక పైపు ఉండదు, ఆ శబ్దం చూసి, ఆ లాగుడు చూసి నిర్ణయించకండి. ‘గోడ మోడల్‌నే పైనుంచి వేలాడదీస్తాం సార్, పదివేలు మిగులుతాయి’ అంటే వద్దనండి. వెనక రేకు ఫినిషింగ్ లేకుండా ఉంటుంది, బ్రాకెట్ గోడకోసం చేసినది, వారంటీ వాళ్ళు చూడగానే చేతులెత్తేస్తారు. నిజంగా ఖర్చు తగ్గాలంటే హాబ్‌ని గోడవైపు గట్టు మీదకి మార్చి, ఐలాండ్‌ని కూరగాయలు తరగడానికీ టిఫిన్లకీ ఉంచుకోండి. గోడ చిమ్నీ సగం ధరకే వస్తుంది, పైపు రెండడుగులతో పోతుంది. డిజైనర్‌కి నచ్చదు, వండేవాళ్ళకి నచ్చుతుంది.

బిల్లు మీద మోడల్ పేరు, ఐలాండ్ కిట్ ఉన్నట్టు, మొత్తం మెషీన్ వారంటీ ఎన్నేళ్ళు, మోటారుకి ఎన్నేళ్ళు అన్నది విడివిడిగా రాయించండి. ‘ఫ్రీ ఇన్‌స్టలేషన్’లో పైపు, కోర్ కటింగ్, స్లాబ్ డ్రిల్లింగ్ ఉన్నాయో లేదో ముందే అడగండి, చాలాసార్లు ఉండవు.

బిగించాక టెక్నీషియన్ వెళ్ళకముందే పరీక్ష చెయ్యండి. హాల్లో ఫ్యాను ఆపి, చిమ్నీ మధ్య స్పీడులో పెట్టి, హాబ్ ముందు అంచు దగ్గర అగరువత్తి పట్టుకోండి. పొగ చిమ్నీ వైపు వంగాలి. తర్వాత ఫ్యాను వేసి చూడండి, ఎంత తేడా వస్తుందో తెలుస్తుంది. తలుపులన్నీ మూసి ఏసీ వేసుకుంటే లాగడానికి గాలి రాదు, అందుకని స్టవ్‌కి దూరంగా ఉన్న కిటికీ ఒకటి బెత్తెడు తెరవాలి. స్టవ్ పక్క కిటికీ కాదు, ఆ గాలి పొగని అటూ ఇటూ తోస్తుంది. వంట మొదలుపెట్టే ఐదు నిమిషాల ముందు ఆన్ చేసి, అయ్యాక పది నిమిషాలు ఉంచండి. గ్యాస్ లీకు వాసన వస్తే మాత్రం చిమ్నీ స్విచ్ ముట్టుకోవద్దు, లైటు స్విచ్ కూడా. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది, పైనున్న చిమ్నీ దాన్ని లాగలేదు సరికదా, స్విచ్ నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. రెగ్యులేటర్ కట్టేసి కిటికీలు తెరవండి. భాగ్యనగర్ గ్యాస్ పైపు కనెక్షన్ ఉన్నవాళ్ళు వాల్వ్ మూసెయ్యాలి. ఆ గ్యాస్ తేలికది, పైకి చేరుతుంది, అక్కడ ఫాల్స్ సీలింగ్‌లో మీ చిమ్నీ ప్లగ్ పాయింటు ఉంటుంది.