చచ్చిన కాకిని ఇంటికొచ్చి తీసుకెళ్లారు: 5కి 4 స్టార్లు

నేను 30 ఏళ్లు మలేరియా విభాగంలో చేసి రిటైరయ్యాను. జ్వరమొచ్చినవాళ్ల వేలికి సూది గుచ్చి రక్తపు స్లైడ్లు తీయడమే నా ఉద్యోగం. జూలైలో అమ్మాయి దగ్గరికి కాలిఫోర్నియా వచ్చాను. సెంట్రల్ వ్యాలీలో చిన్న ఊరు. ఇక్కడి దోమల నివారణ సంస్థవాళ్లు చచ్చిన పక్షులను తీసుకెళ్లి దోమల ద్వారా మనుషులకీ సోకే వెస్ట్ నైల్ వైరస్ ఉందేమో చూస్తారని మా అల్లుడు చెప్పాడు. "పిండం పెట్టి బతిమాలినా రాని కాకికి ఇక్కడ ఇంత మర్యాదా!" అంది మా ఆవిడ.

మొదటిసారి సున్నా మార్కులే. శనివారం సాయంత్రం పెరట్లో చెత్తడబ్బా పక్కన కాకి పడి ఉంది. ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు. సోమవారం వాళ్లే చేసి, చచ్చి 24 గంటలు దాటితే పనికిరాదు, పారేయమన్నారు. అప్పటికే కళ్లు గుంటలుపడి చీమలు పట్టాయి. చచ్చే కాకికి శని, ఆదివారాలు తెలుస్తాయా?

పది రోజులకు వీధి చెట్టు కింద ఇంకోటి. ఈసారి మంగళవారం ఉదయం. మధ్యాహ్నానికల్లా ఒకమ్మాయి పికప్‌లో వచ్చింది. ప్లాస్టిక్ సంచిని చేతికి తొడుక్కుని, దాంతోనే కాకిని పట్టి, సంచిని తిరగేసింది. చెయ్యి తగలకుండానే కాకి లోపలికి పోయింది. దానిమీద ఇంకో సంచి, ఆపైన ఐస్ పెట్టె.

ఏం చేస్తారమ్మా అంటే ఓపిగ్గా చెప్పింది. కాకి నోట్లో దూదిపుల్ల తిప్పి, ఆ తడిని పీసీఆర్ పరీక్షకు పంపుతారట. ఈ వైరస్‌కి కాకులు ఇట్టే చస్తాయి. 1999లో న్యూయార్క్‌లోనూ గుంపులుగా రాలింది అవే. అక్కడ దిగిన వైరస్ పక్షుల్లో, దోమల్లో పాకుతూ 2003కి కాలిఫోర్నియా చేరింది. మన మెదడువాపు వైరస్‌కి ఇది చుట్టమే. మన దగ్గర అది పెరిగేది కొంగల్లో, పందుల్లో; ఇక్కడ ఇది పెరిగేది కాకుల్లాంటి పక్షుల్లో. మోసేది రెండుచోట్లా క్యూలెక్స్ దోమే. సోకిన పదిమందిలో ఎనిమిదిమందికి ఏ లక్షణమూ ఉండదు కాబట్టి జ్వరాల కోసం చూస్తూ కూర్చుంటే ఆలస్యమే. మేం చేసిందంతా జ్వరం వచ్చాకే కదా అనిపించింది.

వైరస్ ఉందని ఈమెయిల్ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ముందే తెలిస్తే మా ఆవిడ సాయంత్రాలు పెరట్లో కూర్చునేది కాదు. శనివారం సంగతి, ఇదీ కలిపి ఒక స్టార్ కోశాను.

కానీ ఆ తర్వాతి పని ముచ్చటేసింది. చెట్టుకు డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) డబ్బా, కింద చిన్న ఫ్యాను, వలసంచి కట్టారు. ఆ పొగను మన ఊపిరి అనుకుని దోమ వస్తుంది, ఫ్యాను దాన్ని సంచిలోకి లాగేస్తుంది. పక్క సందులో ఖాళీ ఇంటి ఈతకొలను పాచిపట్టి ఉంటే చేపలు వదిలారు. చూస్తే దోమపిల్లల్ని తినే గంబూసియా! గోదావరి జిల్లాలో బావుల్లో నేను బిందెలతో తెచ్చి పోసిన చేపే. దాని పుట్టిల్లు అమెరికాయే. మనవడికి చూపిద్దామంటే కంచె అడ్డం. ఆ అమ్మాయే గాజు సీసాలో రెండు పట్టి తెచ్చింది.