ఎత్తి వెయ్యాల్సిన డోర్, ఇప్పుడు ఒక్క వేలితో: హింజ్ పిన్, బుష్ కిట్ రెండున్నరేళ్లు వాడాక

మా కారు ముందు డోర్‌ని ఇప్పుడు ఒక్క వేలితో తోస్తే చాలు, "టప్" అని మెత్తగా పడుతుంది. డోర్‌ని బాడీకి పట్టి ఉంచే హింజ్‌ల (కీళ్ల) పిన్నులు, ఆ పిన్నుల చుట్టూ ఉండే బుష్షులు (చిన్న లోహపు గొట్టాలు) ఇంట్లోనే మార్చి రెండున్నరేళ్లయింది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు ఇప్పటికీ సంతోషమే. అంతకు ముందు రెండేళ్లపాటు ఆ డోర్ మీద ఎవరు చెయ్యి వేసినా "కొంచెం పైకెత్తి వెయ్యండి" అని నేను చెప్పాల్సి వచ్చేది.

అది నాన్న కూర్చునే వైపు డోర్. ఆయనకు మోకాళ్ల నొప్పులు. దిగేటప్పుడు డోర్ పై అంచు పట్టుకుని, ఒంటి బరువంతా దాని మీదే మోపి లేస్తారు. డోర్ బరువే పాతిక, ముప్పై కిలోలు ఉంటుంది, దాని మీద ఇది. పద్నాలుగేళ్ల కారు కూడాను. వెనక అంచు నెమ్మదిగా కిందికి దిగి, లాక్ వెళ్లి పిల్లర్ (డోర్ వచ్చి ఆనే బాడీ స్తంభం) మీదున్న స్ట్రైకర్‌కి, అంటే లాక్ పట్టుకునే కొక్కేనికి, కింద కొట్టుకోవడం మొదలైంది.

అప్పుడు చేయించిన రిపేరు మీద నాకు ఇంకా కోపం పోలేదు. వర్క్‌షాప్‌లో హింజ్‌ల వైపు కన్నెత్తి చూడలేదు. స్ట్రైకర్ స్క్రూలు వదులు చేసి, దాన్ని కిందికి జరిపి బిగించి, అయిపోయిందండీ అన్నారు. ఆ రోజుకి డోర్ బాగానే పడింది. అరిగిన చోటు అలాగే ఉంది కాబట్టి దిగడం మాత్రం ఆగలేదు. ఏడాది తిరిగేసరికి డోర్ చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ ఒరుసుకుని చిరిగింది, వానొస్తే కాళ్ల దగ్గర కార్పెట్ తడిసేది. మూసిన డోర్‌ని పట్టి ఉంచడమే స్ట్రైకర్ పని. బరువు మోయాల్సింది హింజ్‌లు. ఎవరైనా మీ డోర్ దిగిందంటే నేరుగా స్ట్రైకర్ మీదికి స్పానర్ తీసుకెళితే, దయచేసి ఆపండి.

లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. డోర్ సగం తెరిచి, వెనక అంచు కింద రెండు చేతులూ పెట్టి కొద్దిగా ఎత్తి వదలాలి. అదే సమయంలో ఇంకొకరు హింజ్‌లని చూస్తూ ఉండాలి. నేను ఎత్తుతుంటే మా తమ్ముడు చూసి, "అన్నయ్యా, పై పిన్ను ఆడుతోంది, కిందది గట్టిగానే ఉంది" అన్నాడు. పిన్ను కాకుండా హింజ్ మొత్తం కదులుతోందంటే బోల్టులు వదులైనట్టు. అలాంటప్పుడు ఈ కిట్‌తో పనే లేదు. డోర్‌ని సరైన ఎత్తులో ఆనించి, బోల్టులు బిగిస్తే సరిపోతుంది. మాది పిన్ను సమస్యే. టేపు పెట్టి కొలిస్తే రెండు హింజ్‌ల మధ్య దూరం 35 సెంటీమీటర్లు, డోర్ పొడవు మీటరు పైచిలుకు. అంటే పై హింజ్‌లో ఒక్క మిల్లీమీటరు లూజు వచ్చినా వెనక అంచు దగ్గర దాదాపు 3 మిల్లీమీటర్లు దిగుతుంది.

పని పెద్దదేం కాదు, తొందరపడకూడదు, అంతే. ముందు రోజు రాత్రే పిన్నులకి తుప్పు వదిలించే నూనె కొట్టాను. డోర్ కింద జాకీ పెట్టి, దాని మీద చెక్క ముక్క, చెక్క మీద మడత పెట్టిన దుప్పటి వేశాను. జాకీ బరువు అందుకుంటే చాలు, డోర్‌ని పైకి లేపకూడదు. రెండు హింజ్‌లూ ఒకేసారి విప్పకుండా పైది పూర్తిచేశాకే కిందది ముట్టుకున్నాను. అందుకే డోర్ ఊడదీయాల్సిన అవసరం రాలేదు, లోపలికి వెళ్లే వైర్ల జోలికీ పోలేదు. బయటికొచ్చిన పాత ఇత్తడి బుష్ ఒకవైపు కాగితంలా పలచబడి, కొంతమేర పూర్తిగా అరిగిపోయి ఉంది, రెండోవైపు కొత్తదానిలా మందంగా ఉంది. పిన్ను మీద గోరు పెట్టి లాగితే అరిగిన చోట మెట్టు తగిలింది. కొత్త బుష్‌ని సుత్తితో కొట్టి దించితే అంచు పగులుతుంది, మొదటిది నాకు అలాగే పోయింది. మిగతావి పొడుగు బోల్టు, నట్టు, వాషర్లు వేసి మెల్లగా బిగిస్తూ లోపలికి లాగాను.

అంతా అయ్యాక జాకీ తీసి డోర్ వేస్తే అది పడలేదు. మళ్లీ వేశాను, ఖంగుమని వెనక్కి వచ్చింది. చీకటి పడుతోంది, పొద్దున్నే నాన్నని చూపించడానికి తీసుకెళ్లాలి. ఒకటే టెన్షన్. పిన్ను వంకరగా దిగిందేమో అని పై హింజ్ మళ్లీ విప్పడానికి కూడా సిద్ధమయ్యాను. తమ్ముడు టార్చి పట్టుకుని పిల్లర్ వైపు చూస్తూ "ఇక్కడ గీతేంటి?" అన్నాడు. స్ట్రైకర్ ప్లేటుకి సరిగ్గా పైన, 4 మిల్లీమీటర్ల మేర, దుమ్మూ ఎండా తగలని పెయింటు కొత్తగా మెరుస్తోంది. ప్లేటు మొదట ఉన్న చోటు అది. డోర్ తన పాత ఎత్తుకి వచ్చేసింది, స్ట్రైకరే కింద ఉండిపోయింది. స్క్రూలు వదులు చేసి, ప్లేటు పై అంచుని ఆ మెరుపు చివరి దాకా జరిపి బిగించాను. డోర్‌ని మెల్లగా తోశాను. "టప్".

మొదటి నెలల్లో నేను ఈ కిట్ గురించి అందరికీ చెప్పిన మాటలు ఇప్పుడు కాస్త తగ్గించుకోవాలి. ఇక జీవితాంతం చూసుకోనక్కర్లేదు అన్నాను. పద్నాలుగో నెలలో గతుకుల మీద చిన్న "టక్ టక్" మొదలైంది. విప్పి చూస్తే బుష్ బాగానే ఉంది, కానీ హింజ్ రంధ్రంలో బుష్షే తిరుగుతోంది. నేను ఆలస్యం చేసిన ఆ రెండేళ్లలో పాత బుష్ పూర్తిగా అరిగినవైపు స్టీలు పిన్ను నేరుగా రంధ్రాన్ని రాసుకుంటూ దాన్ని కోడిగుడ్డు ఆకారంలోకి తెచ్చేసింది. గుండ్రటి బుష్ అందులో ఎంతకని నిలుస్తుంది? రంధ్రాన్ని చేతి రీమర్‌తో (రంధ్రం లోపలి గోడని గీకే పనిముట్టు) గుండ్రంగా సరిచేసి, లేత్ మీద అర మిల్లీమీటరు లావు బుష్ చేయించి వేశాను. అప్పటినుంచి చప్పుడు లేదు. కాబట్టి కిట్ మంచిదే, కానీ రంధ్రం బాగున్నప్పుడే. పిన్ను తీసిన రోజే రంధ్రంలో కొత్త బుష్ వేలితో తిప్పితే తిరుగుతోందా అని చూసుకుని ఉంటే నాకు రెండోసారి పని తప్పేది.

మీ ఇంట్లో డోర్ పట్టుకుని లేచేవాళ్లు లేకపోతే మీకు ఇంకా ఎక్కువకాలం రావచ్చు, నేను చెప్పలేను. నా దగ్గర జాకీ ఉంది, సాయానికి తమ్ముడున్నాడు, ఒక ఆదివారం మొత్తం ఖాళీ దొరికింది. ఒక్కరే చెయ్యాల్సి వస్తే మాత్రం నేను వద్దనే అంటాను. ఆరు నెలలకోసారి పిన్ను దగ్గర రెండు చుక్కల నూనె వేసి, డోర్ ఎత్తి చూస్తున్నాను. నాన్న దిగేటప్పుడు ఇప్పుడు నేను అటువైపు వెళ్లి చెయ్యి ఇస్తున్నాను. అయినా అలవాటుకొద్దీ ఆయన రెండో చెయ్యి డోర్ మీదికే వెళుతుంది.