గుంటూరు కొత్తపేటలో ఒక పిల్లల క్లినిక్: కాళ్ల నొప్పులకు ఓపికైన పరీక్ష

రాత్రిళ్లు పిక్కలు పట్టుకుని ఏడ్చి, తెల్లవారగానే మామూలుగా పరుగులు తీసే మా ఐదేళ్ల పాపను కొత్తపేటలోని ఈ క్లినిక్‌లో చూపించాము. డాక్టరుగారు మందులచీటీ అందుకోకముందే పాపను వరండాలో నడిపించి, మోకాళ్లను, చీలమండలను వేళ్లతో నొక్కి, రెండు కాళ్లనూ పోల్చి చూశారు. రెండు కాళ్లకూ సాయంత్రం పూట వచ్చి, వాపు గాని కుంటు గాని లేకుండా ఉదయానికి తగ్గే నొప్పి 3 నుంచి 12 ఏళ్ల పిల్లల్లో సాధారణమేననీ, ఒకే కాలికి వచ్చినా, జ్వరం తోడైనా, పొద్దున్నే కీళ్లు బిగుసుకున్నా వెంటనే తీసుకురావాలనీ, కీలువాపు 6 వారాలు దాటి నిలిస్తే కీళ్లవాతాన్ని అనుమానించాలనీ వివరించారు. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు రాయకపోవడం నాకు నచ్చింది; మా అత్తగారికి మాత్రం అదే వెలితిగా తోచింది. టోకెన్ల పద్ధతి అస్తవ్యస్తంగా ఉంది. ముందుగా ఫోన్ చేసినవారూ గంటల తరబడి కూర్చోవలసిందే.