పాఠాల రికార్డింగ్‌కు ఆడాసిటీ చాలా, రీపర్ కావాలా?

గొంతు రికార్డు చేసుకునేవాళ్లు సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు, నన్నడిగితే, ముందు చూడాల్సింది ఒక్కటే. మధ్యలో తడబడితే సరిచేసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఎఫెక్టులు వంద ఉన్నాయా, స్క్రీన్ నల్లగా స్టూడియోలో లాగా కనిపిస్తుందా అన్నవన్నీ తర్వాతి సంగతి.

నేను హనుమకొండలో గ్రూప్స్ రాసే పిల్లలకు చరిత్ర చెబుతాను. పాఠాలను అరగంట ఆడియోలుగా చేసి టెలిగ్రామ్‌లో పెడితే, బస్సుల్లో వచ్చీపోయేవాళ్లు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటారు. నా దగ్గరున్నది 8 జీబీ ర్యామ్ ఉన్న పాత విండోస్ ల్యాప్‌టాప్, ఒక యూఎస్‌బీ మైకు. వెనకగదిలో కూర్చుంటాను, పైన ఫ్యాను. పాటలు పాడేవాళ్లకు, కీబోర్డు వాయించేవాళ్లకు నా సలహా పెద్దగా పనికిరాదు.

ఆడాసిటీ ఉచితం. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో 1999లో మొదలై 2000లో జనంలోకి వచ్చింది. చూడ్డానికి కాస్త పాతకాలం సాఫ్ట్‌వేర్‌లాగే ఉంటుంది, అందుకే చాలామంది ఒకసారి తెరిచి మూసేస్తారు. కానీ ఇందులో పంచ్ అండ్ రోల్ రికార్డ్ అని ఒకటుంది. ఓరుగల్లు 1323లో తుగ్లక్ సైన్యానికి చిక్కింది అనాల్సిన చోట 1332 అని నోరు జారిందనుకోండి. రికార్డింగ్ ఆపి, ఆ వాక్యం మొదలయ్యే చోట క్లిక్ చేసి, షిఫ్ట్ పట్టుకుని డి నొక్కాలి. అంతకుముందు చదివిన ఐదు సెకన్లు చెవిలో వినిపిస్తాయి. ఆ ఊపులోనే చదువుకుంటూ పోతే, క్లిక్ చేసిన చోటి నుంచి పాతది పోయి కొత్తది పడుతుంది. పాత గొంతు విని అందుకుంటాం కాబట్టి వేగమూ స్థాయీ కలిసిపోతాయి, అతుకు తెలియదు. పాఠం పూర్తయ్యేసరికి ఎడిటింగూ దాదాపు అయిపోయినట్టే. దీని గురించి ఎక్కువమంది ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

ఇక ఫ్యాను మోత. నాయిస్ రిడక్షన్‌ను రెండు విడతలుగా చేయాలి. ముందు ఏమీ మాట్లాడని రెండు మూడు సెకన్లు సెలెక్ట్ చేసి గెట్ నాయిస్ ప్రొఫైల్ నొక్కాలి. తర్వాత మొత్తం సెలెక్ట్ చేసి, అదే ఎఫెక్ట్ మళ్లీ తెరిచి ఓకే అనాలి. అందుకే ప్రతి పాఠం మొదట్లో కాసేపు నోరు మూసుకుని కూర్చుంటాను, మా ఇంట్లోవాళ్లకు అదో నవ్వులాట. తగ్గింపు ఎంతో డెసిబెల్స్‌లో పెట్టుకోవాలి. నేను 8 దాటను. ఎక్కువ పెడితే స, శ, ష నీళ్లలోంచి మాట్లాడినట్టు వినిపిస్తాయి. నాయిస్ గేట్ అని, ఒక స్థాయికి దిగువన ఉన్న శబ్దాన్ని ఆపేసే ఎఫెక్ట్ ఉంటుంది, దానితో ఇంకా జాగ్రత్త. మన వాక్యం క్రియతో ముగుస్తుంది, అక్కడికొచ్చేసరికి గొంతు దిగిపోతుంది. గేటు ఆ చివరి అక్షరాన్ని కూడా మోత అనుకుని కోసేస్తుంది. "గణపతిదేవుడు గెలిచాడు" అని నేను చెబితే "గణపతిదేవుడు గెలిచా" అని పిల్లలకు వినిపిస్తుంది! ఇంగ్లిష్ వీడియోల్లో చెప్పే సెట్టింగులు ఉన్నవున్నట్టు పెట్టకండి.

ఆడాసిటీ సేవ్ చేసేది ఏయూపీ3 ఫైలు. అది మన పని ఫైలు, ఫోన్లో మోగదు. పిల్లలకు పంపాలంటే ఎంపీ3గా ఎక్స్‌పోర్ట్ చేయాలి. దానికి లేమ్ అనే, ఎంపీ3 తయారుచేసే చిన్న ప్రోగ్రామ్‌ను విడిగా దించుకోవాలని పాత వీడియోల్లో చెబుతారు, ఇప్పుడు ఆ అవసరం లేదు. ఒక్క గొంతే కాబట్టి మోనో, 64 కేబీపీఎస్ చాలు. అరగంట పాఠం 14 ఎంబీ చిల్లరకు వస్తుంది. అదే 192లో తీస్తే 43 ఎంబీ. నెట్ ప్యాక్ చూసుకుని వాడే పిల్లలకు ఈ తేడా చిన్నది కాదు. 2021లో మ్యూజ్ గ్రూప్ అనే కంపెనీ ఆడాసిటీని తీసుకున్నాక ప్రైవసీ పాలసీ మీద గొడవైంది. నేను పట్టించుకోలేదు, నా పాఠాల్లో దాచుకునేదేముంది? సేవ్ చేసేటప్పుడు క్లౌడా, కంప్యూటరా అని అడిగితే మాత్రం కంప్యూటర్ అనండి.

ఓసెన్‌ఆడియో (ocenaudio) కూడా ఉచితమే. బ్రెజిల్‌లోని ఒక యూనివర్సిటీలో పుట్టింది. తేలిగ్గా ఉంటుంది, ఎఫెక్ట్ వేసే ముందే విని చూసుకోవచ్చు. కానీ మల్టీట్రాక్ లేదు, అంటే గొంతు, మ్యూజిక్ విడివిడి వరుసల్లో పెట్టి కలపలేం. ఉన్న ఫైలు ముందూ వెనకా కత్తిరించడానికి బాగుంటుంది, అంతే. అడోబీ ఆడిషన్‌కు నెలనెలా కట్టాలి, మనలాంటివాళ్లకు దండగ. మా వీధి చివర కంప్యూటర్ షాపబ్బాయి "క్రాక్ వేసిస్తా సార్, ఐదొందలివ్వండి" అన్నాడు. జీతం పడే బ్యాంకు ఖాతా తెరిచే ల్యాప్‌టాప్‌లో క్రాకులా? వద్దని పంపించేశాను.

రీపర్ సంగతి వేరు. కంప్యూటర్లో పాటలు వినే విన్‌యాంప్ చేసిన జస్టిన్ ఫ్రాంకెల్‌దే ఇదీ. పాత ల్యాప్‌టాప్‌లోనూ బరువనిపించదు. నిజానికి ఒంటి గొంతు పాఠానికి ఇది ఎక్కువే. మొదటిసారి తెరిస్తే ఎక్కడ నొక్కాలో తెలియక టెన్షన్ వస్తుంది. ట్రాక్ పెట్టుకోవాలి, దాన్ని రికార్డుకు సిద్ధం చేయాలి, ఇన్‌పుట్ ఎంచుకోవాలి. ఇద్దరు మాట్లాడుకునే మాక్ ఇంటర్వ్యూ చేసి, కింద మ్యూజిక్ వేసినప్పుడు దాని విలువ తెలిసింది. రిప్పుల్ ఎడిటింగ్‌ను అన్ని ట్రాకులకూ ఆన్ చేసి ఒక అనవసరపు ప్రశ్న కోసేస్తే, తర్వాతి మాటలు, మ్యూజిక్ అన్నీ కలిసి ముందుకు జరుగుతాయి. పొరపాటున ఎక్కువ కోస్తే ముక్క అంచు పట్టుకుని లాగితే చాలు, పోయింది తిరిగొస్తుంది. 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు. ఆ తర్వాత కూడా ఆగిపోదు, తెరిచినప్పుడల్లా కొనమని గుర్తుచేస్తుంది. సొంతానికైతే లైసెన్స్ 60 డాలర్లు, మన డబ్బుల్లో ఐదు వేలు దాటుతుంది.

మీరు ఒక్కరే చదివేటట్టయితే ఆ ఐదు వేలు మైకు మీద పెట్టండి. నేను మాత్రం రెండూ ఉంచుకున్నాను. ఆడాసిటీలో చదివి, వేవ్ ఫైలుగా తీసి, మ్యూజిక్ కలపాల్సినవి మాత్రమే రీపర్‌లో వేస్తాను. మధ్యలో ఎంపీ3గా మార్చకండి, మార్చిన ప్రతిసారీ క్వాలిటీ కొంత పోతుంది.